ఎడమ అంటూండగా

ఆవిడని స్కూల్లో అందరూ విజిల్ టీచర్ అంటారు. ఇరవయ్యారేళ్ళుగా విజిల్ ఆవిడ మెడలోంచి దిగలేదు. ఇంట్లో వంగి కూర కలుపుతుంటే అది కూడా వెళ్ళి గిన్నెలో మునుగుతుంది. పిల్లల మోకాళ్ళ విషయంలో ఆవిడకి మహా చాదస్తం. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కందే ఒక్కరినీ పరుగెత్తనివ్వదు. దూకినవాళ్ళు మోకాళ్ళు వంచి దిగాలి, దిగిన మోకాలు లోపలికి ఒరగకూడదు. ఈ మాటలే రోజుకి ఆరు క్లాసులకి ఆరుసార్లు చెబుతుంది. తను మాత్రం టీ గ్లాసు గట్టు మీద పెట్టి, ఒళ్ళు కాస్తయినా సాగదీయకుండా నేరుగా వెళ్ళి దూకి చూపిస్తుంది. మోకాళ్ళు పిల్లలకే ఉంటాయని ఆవిడ ఉద్దేశం కాబోలు.

అలా చూపిస్తున్న ఒక రోజే మోకాలు టక్కుమంది. ఏడో తరగతి పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఎదురుగా నిలబడి "ఎడమ" అని అరుస్తూ కాలెత్తి పక్కకి దూకింది. ఆ కాలు సన్న ఇసుక మీద జారింది. పాదం ఒకవైపు తిరిగింది, తొడ ఇంకోవైపు తిరిగింది, మధ్యలో ఏదో పట్టేసింది. పిల్లలు అది కూడా వ్యాయామంలో భాగమే అనుకుని, ఆవిడతోపాటు అందరూ కింద చతికిలబడ్డారు.

మొదటి రెండు రోజులూ ఐసు పెట్టుకుని కాలు దిండు మీద ఎత్తి పడుకుంది. వాపు తగ్గింది కానీ మెట్లు దిగుతుంటే ప్రాణం పోతోంది. మూడో రోజు భర్త ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఫిజియో బల్లకి అవతల, ఆవిడకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. కాగితం లాక్కుని, "ఏ మోకాలు మేడమ్?" అని అడిగాడు.

"ఎడమ అంటూండగా పట్టేసిందండీ" అంది ఆవిడ.

అతను "ఎడమ" అని రాసుకున్నాడు. తర్వాత రెండు మోకాళ్ళూ నొక్కి చూశాడు. కుడి నొక్కినప్పుడు ఆవిడ కెవ్వుమంది. అతను కాగితం వంక చూసి తల పంకించాడు.

"ఎడమని మోయలేక బరువంతా కుడి మీద వేస్తున్నారు. మూలం అక్కడ, నొప్పి ఇక్కడ. చాలామందికి ఇంతే."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నాడేమో అని ఆవిడకి అనిపించకపోలేదు. కానీ చదువుకున్నవాడు, గోడ మీద ఎముకల బొమ్మ కూడా ఉంది. పైగా పట్టేసింది ఎడమ అంటూండగానే, అందులో అబద్ధం లేదు. ఎడమ మోకాలికి బెల్టు వేయించుకుని బయటికొచ్చింది.

అప్పుడు మొదలైన తికమక రెండు నెలలు వదల్లేదు. పొద్దున్నే మంచం మీద కాళ్ళు చాపి, ఎడమ మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ బిగించి పదేసి అంకెలు లెక్కపెట్టేది. ఎడమ తొడ రాయిలా తయారైంది. కుడి మోకాలు అంతకంతకీ మొరాయించింది. రెండు చేతులూ రెండు మోకాళ్ళ మీద పెట్టుకుని, నువ్వా, నువ్వా అని వాటినే అడిగేది. నడిచి, నడిచి ఏ కాలితో కుంటుతోందో కూడా తెలియకుండా పోయింది. పక్కింటావిడ ఒకరోజు కుడి కాలు ఈడుస్తున్నావంది, ఇంకో రోజు ఎడమ కాలంది. ఆవిడకి తన ఒంటి మీద తనకే నమ్మకం పోయింది, దానికే అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

ఒక్క సాయంత్రం పూట మాత్రం హాయిగా ఉండేది. భర్త దర్జీ, ఇంటి ముందుగదే దుకాణం. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి మాట తక్కువ. మిషను ఆపాక వేడినీళ్ళ సంచి తెచ్చి ఆవిడ మోకాలి మీద పెట్టేవాడు, పరధ్యానం మనిషి, రోజూ కుడి దాని మీదే. బెల్టు కనపడుతూనే ఉన్నా ఇలా పప్పులో కాలేస్తాడేమిటని నవ్వుకునేది. చెబితే నొచ్చుకుంటాడని ఊరుకుంది. పైగా సంచి పెట్టిన గంటసేపు నొప్పి తగ్గేది. అదంతా బెల్టు చలవే అనుకుంది.

ఈలోగా హెడ్ మాస్టర్ పిలిచాడు. "సెలవులయ్యాక గ్రౌండ్‌లో నిలబడగలిగితే సరే మేడమ్. లేకపోతే లైబ్రరీ ఉందిగా, ఫ్యాను కింద హాయిగా కూర్చోవచ్చు."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. హాయి ఎవరడిగారు? గ్రౌండ్ లేకపోతే తను ఎవరో ఆవిడకే తెలియదు. లైబ్రరీలో విజిల్ ఊదనిస్తారా? అందుకే ఫిజియో పంపిన ఎముకల డాక్టర్ ఆ కాగితం చూసి ఎడమకే స్కాను తీయించి, అందులో అరుగుదల ఉంది, చిన్న కన్నం పెట్టి శుభ్రం చేద్దాం అనగానే ఒప్పేసుకుంది. యాభై రెండేళ్ళ మోకాలు, అదీ గ్రౌండ్‌లో బతికిన మోకాలు, అరగకపోతేనే వింత. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు నల్ల పెన్ను పట్టుకుని మంచానికి ఎదురుగా నిలబడింది.

"ఏ కాలో మీ నోటితో మీరే చెప్పాలమ్మా. బాణం గుర్తు పెడతాను."

"ఎడమ" అంది ఆవిడ.

నర్సు ఎడమ కాలి మీదికి వంగింది. మూల నిలబడ్డ దర్జీ ఒకడుగు ముందుకేశాడు.

"అమ్మా, అటు కాదు. ఆవిడ ఎడమ అంటే కుడి."

నర్సు పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "అంటే?"

"అంటే కుడేనమ్మా. డ్రిల్ టీచరు కదా, ఎదురుగా ఉన్నవాళ్ళతో ఆవిడ అలాగే చెబుతుంది."

"నేనా?" అంది ఆవిడ. "ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

నర్సు బుర్ర గోక్కుంది. కాగితం చూసింది, కాలు చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది. "మీరు పిల్లలకి డ్రిల్ ఎలా చెబుతారో ఒకసారి చెయ్యండి" అంది.

ఆవిడ వరండాలోకి కుంటుకుంటూ వచ్చింది. ఎదురుగా బల్ల మీద కట్లు కట్టుకున్న రోగులు నలుగురు కూర్చుని ఉన్నారు. జనం ఎదురుగా ఉంటే ఆవిడ గొంతు దానంతటదే లేస్తుంది. "ఎడమ" అని అరిచింది. నలుగురు రోగులూ ఉలిక్కిపడి ఎడమ కాళ్ళు ఎత్తారు. ఆవిడ కూడా కాలెత్తింది. ఎత్తినది కుడి.

ఆవిడ ఆ కాలి వంక చూస్తూ ఉండిపోయింది. పిల్లలు అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకోవాలని మొదటి ఏడాదిలో పట్టుబట్టి అలవాటు చేసుకున్న విద్య అది. వాళ్ళకి ఎడమ చెప్పినప్పుడల్లా తను కుడి ఎత్తింది. ఇరవయ్యారేళ్ళకి ఆ మాట ఆ కాలికే అతుక్కుపోయింది. ఆ రోజు ఎడమ అంటూండగా ఇసుకలో జారిన కాలు కూడా ఇదే.

ఆపరేషన్ ఆగింది. కుడి మోకాలికి స్కాను తీస్తే, ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర అంచు కొంచెం చిరిగి ఉంది. కత్తి అక్కర్లేకపోవచ్చు, బెల్టు ఇటు మార్చి ఆరు వారాలు ఇవే వ్యాయామాలు చేసి చూడమన్నాడు డాక్టర్. సెలవులు ఏడు వారాలున్నాయి. ఎడమ మోకాలికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఆటోలో ఆవిడ ఆయన వైపు తిరిగి అడిగింది. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"పెళ్ళైన కొత్తలోనే. ఎడమ అరలో దారపుకండెలు ఉన్నాయంటావు, కుడి అరలో దొరుకుతాయి. నాకు అదేం వింత కాదు. కొలతలు తీసేటప్పుడు నాకూ ఎదుటివాళ్ళ ఎడమ, నా కుడి వైపేగా ఉంటుంది."

"మరి ఫిజియోతో చెప్పలేదేం?"

"నాకే తెలిస్తే అంత చదువుకున్నవాడికి తెలియదా అనుకున్నాను. ఆ బెల్టు మంచి కాలికి ఆసరాగా వేశాడనుకున్నాను."

"అయితే ఆ వేడినీళ్ళ సంచి..."

"నొప్పి ఉన్నచోటే కదా పెట్టాలి" అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు.

రెండు నెలలు ఇద్దరు చదువుకున్నవాళ్ళూ ఆవిడ కూడా కలిసి తప్పు మోకాలికి వైద్యం చేశారు. సరైన మోకాలికి వైద్యం చేసినవాణ్ణి పరధ్యానం మనిషి అనుకుని నవ్వుకుంది. ఇకనుంచి కుడిని కుడి అనే అంటానని అక్కడికక్కడే నిశ్చయించుకుంది.

ఆ సాయంత్రం ఆయన మిషను ఆపి, వేడినీళ్ళ సంచి పట్టుకుని వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అన్నం తినే చెయ్యి ఏదో చూసుకుని, జాగ్రత్తగా, స్పష్టంగా చెప్పింది.

"కుడికి పెట్టండి."

ఆయన అలవాటు కొద్దీ సంచి తీసుకెళ్ళి ఎడమ మోకాలి మీద పెట్టాడు.

ఇద్దరూ ఆ సంచి వంక చూశారు. ఆయనకి తప్పెక్కడ జరిగిందో అంతుబట్టలేదు. ఆవిడకి ఆయన మొహం చూస్తే నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఎడమకి పెట్టండి" అంది.

ఆయన సరిగ్గా నొప్పి ఉన్నచోట పెట్టాడు.