ఎర్రబస్తాలో జొన్నరొట్టె

మా ఆయన పోయిన మూడోనాడు పిట్టకు పెట్టారు. మా కరీంనగర్ వైపు ఇది తప్పనిసరి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి ముందుకు పోయి, ఫలానా పని చేస్తాం, ఫలానా వాళ్లను చూసుకుంటాం అని మాట ఇస్తారు. ఆ రోజు వంటంతా బయటినుంచే తెప్పించారు. బగారన్నం, మటన్, చేపల పులుసు, మిఠాయిలు, వాటి పక్కన ఒక సీసా కూల్‌డ్రింకు. దాన్ని ఆయన ఎన్నడైనా తాగగా నేను చూడలేదు. కాకులు గోడమీద కూర్చున్నాయి కాని దిగలేదు. పెద్దకొడుకు మాట ఇచ్చాడు, చిన్నకొడుకు ఇచ్చాడు, ఎండ ఎక్కింది. మా ఆడబిడ్డ నా పక్కకు వచ్చి మెల్లగా, "వదినా, ఏం మర్సినం? నువ్వన్న చెప్పు," అన్నది. నేను లోపలికి పోయి ఇంత జొన్నపిండి కలిపి రొట్టె వేశాను. "మాడుతుంది," అన్నది వెనకాలే వచ్చిన ఆడబిడ్డ. మాడనీ అన్నాను. నాకు మతి పోయిందనుకున్నట్టుంది.

మా అత్తగారి ఊరు సుల్తానాబాద్ దగ్గర. వరి పండే చోటు. నా పెండ్లి నాటికి ఆయనకు ఆసిఫాబాదు తహశీలు కచేరిలో గుమాస్తా ఉద్యోగం దొరికి కొన్నాళ్లయింది. నిజాం ప్రభుత్వం పోయింది కాని కచేరిలో ఉర్దూ ఇంకా పోలేదు. పెద్దపల్లిలో రైలెక్కి, ఆసిఫాబాదు రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడినుంచి ఏ బండి దొరికితే ఆ బండిలో పోవాలి. పండక్కీ పబ్బానికీ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా నన్ను తీసుకుపోతానని వాళ్ల బాపుతో అనడానికి నోరు తెరిచేవారు, తెరిచిన నోట్లో తంబాకు వేసుకొని మూసేవారు. ఒకసారి మాత్రం అడిగారు. అప్పుడు మా మామ అన్న మాట నేను దర్వాజ వెనక నిలబడి విన్నాను. "ముందుగాల ఇల్లు కుదురు చేస్కో, అటెన్క తీస్కపో. హోటల్ల తినేటోనికి పెండ్లామెందుకు?"

మామ చెడ్డవాడు కాదు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఇంట్లో ఒక మనిషి తగ్గడం ఆయనకు ఇష్టం లేదు. పైగా ఆ మాటలో తప్పు కూడా లేదు. మా ఆయన జీతం మూడుపూటలా హోటల్లోనే కరిగిపోయేది. అందులోనూ మధ్యాహ్నం తిండి మరీ ఖర్చు. ఆ కచేరిలో ఒక పద్ధతి ఉండేది. పగటిపూట గుమాస్తాల మీద అధికారి పేష్కారు సాబ్ లేచి టోపీ పెట్టుకున్నారంటే గుమాస్తాలంతా ఆయన వెంట ఎదురుగా ఉన్న హోటలుకు పోవాలి. ఖీమా, రొట్టె, చాయ్. రోజుకొకరి వంతు. పేష్కారు సాబ్ తన వంతు కాని రోజు కూడా, వంతు వేయలేనివాళ్ల బదులు పైసలు ఇచ్చేవారట. వేరే వాళ్లు తీసుకునేవాళ్లు. మా ఆయనకు అది చేతకాదు. తింటే వంతు వేయాలి, వంతు వేయలేకపోతే తినకూడదు. ఈ ఒక్క సంగతిలో ఆయన చివరిదాకా మారలేదు. ఆస్పత్రిలో కూడా పక్కమంచం వాళ్లు ఇచ్చిన బత్తాయిపండుకు బదులు ఏమివ్వాలని నన్ను సతాయించారు.

మామ మాట విని తిరిగిపోయాక ఆయన హోటలు మానేశారు. పగటి భోజనం తానే చేసుకొని కచేరికి తీసుకుపోవాలనుకున్నారు. అన్నమైతే మూటలో ముద్దకట్టుకుపోతుంది, పైగా అక్కడ బియ్యం పిరం. జొన్నలు అగ్గువ. ఆయన అద్దె గది పక్కన సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే ఒక ముసలవ్వ ఉండేది. రొట్టె కొట్టడం ఆమె చూపించింది. ఆయన పిండి తడిపి, అరచేతితో కొట్టి, పెనం మీద వేసేసరికి రొట్టె మన ఊళ్ల పటం మాదిరిగా ఎటుపడితే అటు సాగేదట. "నీ పెండ్లాం అదృష్టవంతురాలు, గీ రొట్టె తినే రాత లేదు ఆమెకు," అని ఆ అవ్వ నవ్వేదట. ఆ అవ్వను నేను తర్వాత చూశాను. నాతోనూ అదే మాట అన్నది.

ఇక సమస్య, దాన్ని కచేరికి ఎట్లా తీసుకుపోవాలన్నది. సద్దిమూట అంటే పొలానికి పోయే రైతు చేతిలో ఉండేది. తెల్ల చొక్కా వేసుకున్న గుమాస్తా చేతిలో సద్దిమూట చూస్తే నవ్వుతారు. అందుకని ఆయన ఒక ఉపాయం చేశారు. కచేరిలో కాగితాల కట్టలను ఎర్రగుడ్డలో చుట్టి ముడివేసేవాళ్లు. ఆ కట్టలను బస్తాలనేవాళ్లు. అటువంటి ఎర్రగుడ్డే అంగట్లో కొని, రొట్టెలు అందులో కట్టి, చంకలో పెట్టుకొని బయలుదేరేవారు. దారిలో చూసినవాళ్లు, పాపం ఇంటికి కూడా పని తీసుకుపోతున్నాడనుకున్నారు. అందరూ హోటలుకు పోయాక, కాగితాల గదిలో బీరువా వెనక కూర్చొని తినేవారు. హోటలుకు ఎందుకు రావని అడిగితే కడుపు బాగుండదని చెప్పారు. ఎన్నాళ్లు బాగుండకుండా ఉంటుంది? కొన్నాళ్లకు అడగడం మానేశారు.

పైసలు మిగలడం మొదలైంది. కిరాయికి, నాలుగు గిన్నెలకు సరిపోతాయనుకున్నాక ఇల్లు వెతికారు. వాగు వైపు ఒక ఇల్లు ఖాళీగా ఉంది. దాని యజమాని, పేష్కారు సాబ్ బావమరిది, పట్నం వెళ్లిపోతూ తాళం చెవి సాబ్ చేతిలో పెట్టి, మంచివాళ్లకు కిరాయికి ఇవ్వమన్నాడు. మా ఆయన పోయి అడిగారు. పేష్కారు సాబ్ తల ఎత్తకుండా, "ఇచ్చేసిన," అన్నారు. ఆ ఇల్లు తాళం వేసే ఉంది. మరునాడూ ఉంది, తర్వాతా ఉంది. ఊళ్లో వేరే ఇంకెక్కడ అడిగినా ఒంటి మనిషికి ఇల్లు ఇచ్చేది లేదన్నారు, కుటుంబం వస్తుందంటే ముందు తీసుకురా చూద్దాం అన్నారు. కుటుంబాన్ని తేవడానికి ఇల్లు కావాలి, ఇంటికి కుటుంబం కావాలి. పండక్కి వచ్చినప్పుడు ఈ మాట నాకు చెప్పి, ఇంకో ఏడాది ఆగుతావా అని అడిగారు. నేను ఆగుతానన్నాను. వేరే ఏమనాలో నాకు తెలియలేదు.

అది పోలీసు చర్య జరిగి కొద్ది ఏండ్లే అయిన కాలం. అంతకుముందు పేష్కారు సాబ్ కనబడితే ఆగి సలాం చేసినవాళ్లే ఆ తర్వాత, ముసల్మానని, చూడనట్టు పోతుండేవాళ్లట. ఆయన పక్కన కూర్చొని తినేవాళ్లు ఆ కచేరి వాళ్లు మాత్రమే. ఇది మా ఆయనకు తెలుసు. కాని తన సద్దిమూటకూ దానికీ సంబంధం ఉండొచ్చని ఆయనకు తోచలేదు. ఆయనది ఒకటే ధ్యాస.

ఒకరోజు ఏదో ఊరి రైతులు హద్దు తగాదా గురించి కచేరికి వచ్చారు. వాళ్ల కాగితాలు తెమ్మని పేష్కారు సాబ్ చప్రాసితో అన్నారు. చప్రాసి ముసలివాడు, చూపు అంతంతమాత్రం. మా ఆయన బల్ల పక్కనున్న ఎర్రబస్తాను రెండుచేతులా పట్టుకుపోయి సాబ్ ముందు పెట్టాడు. మా ఆయన తల ఎత్తేసరికి ముడి విప్పడం అయిపోయింది. లోపల రెండు జొన్నరొట్టెలు, ఒకటి అంచు మాడి, ఒకటి నడుమ మాడి. ఇంత ఎల్లిపాయ కారం, ఒక ఉల్లిగడ్డ. రైతులు మెడలు చాచి చూశారు.

పేష్కారు సాబ్ కళ్లద్దాలు సర్దుకొని, "గిది ఏ ఊరి కాయితం?" అన్నారు.

రైతుల్లో పెద్దాయన భయంగా, "మాది కాదు సాబ్," అన్నాడు.

కచేరి అంతా నవ్వింది. సాబ్ నవ్వలేదు. మా ఆయన లేచి నిలబడ్డారు. ఎవరు చేశారని సాబ్ అడిగితే, నేనే అన్నారు. ఇంటామె ఏదీ అని అడిగారు. ఈ కథ చెప్పేటప్పుడు మా ఆయన ఎప్పుడూ ఇక్కడికి వచ్చేసరికి తంబాకు వేసుకునేవారు. పెండ్లాం మాట నలుగురిలో ఎత్తడం, అదీ ఆమె కావాలని చెప్పుకోవడం, ఆ రోజుల్లో మగవాడికి బట్టలు విప్పి నిలబడ్డట్టే.

"ఊర్ల ఉన్నది సాబ్. హోటల్ల తినుడు బంద్ వెడితె కిరాయి పైసలు ఎల్తయని… ఇల్లు దొరికితె తోల్కొచ్చుకుందామని."

పేష్కారు సాబ్ రొట్టె తుంచి, కారం అద్దుకొని నోట్లో వేసుకున్నారు. నమలడానికి చాలాసేపు పట్టింది.

"నేను వేరే అనుకున్న," అన్నారు చివరికి. "నా పక్కన కూసొని తినుడు నీకు గూడ బరువైందనుకున్న."

సాబ్ రెండో ముక్క తుంచుకుంటూ, "ఇల్లు ఎవ్వలకు ఇయ్యలే. అబద్ధమాడిన. జర ముందుగాల చెప్తే నీ నోరు అరుగుతుండెనా? గీ రొట్టె తినుకుంట ఇన్నొద్దులు బతికినోనికి ఇల్లు ఇయ్యకపోతే రేపు అల్లా నన్ను అడుగుతడు," అన్నారు. సాయంత్రం తాళం చెవి ఇచ్చారు.

నేను ఆసిఫాబాదు పోయాక రొట్టెలు నేనే చేసేదాన్ని. మా ఆయనకు రెండు, సాబ్‌కు ఒకటి. సాబ్ ఇంటినుంచి కూర వచ్చేది. మెల్లగా మిగతా గుమాస్తాలూ డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. హోటలాయన మా ఆయన కనబడితే మొహం తిప్పుకునేవాడు. అప్పటి మాడురొట్టెలే నయం, ఒకటి తింటే పొద్దుగూకేదాక ఆకలి కాకపోయేది అని సాబ్ మా ఆయనతో చెప్పి పంపేవారు. మాకు కరీంనగర్ బదిలీ అయిందాకా ఇట్లాగే నడిచింది. తర్వాత సాబ్ వాళ్లు పట్నం వెళ్లిపోయారని తెలిసింది. మళ్లీ కలవలేదు.

మాడిన రొట్టె తెచ్చి విస్తట్లో పెట్టి వెనక్కి వచ్చాను. ఒక కాకి దిగింది. అంతసేపు జనం దగ్గరగా మూగి ఉన్నారు, అప్పటికి విసిగి పక్కకు జరిగారు, అందుకే దిగి ఉంటుంది. అది ముందు ముట్టింది రొట్టెనో మటన్‌నో నా చూపుకు ఆనలేదు. రొట్టెనే అని ఆడబిడ్డ అందరికీ చెప్పింది. నేను కాదనలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లు, ఎన్నేండ్లు కలిసి కాపురం చేశారని అడుగుతున్నారు. కొడుకులు పెండ్లినాటినుంచి లెక్క చెబుతున్నారు. నేను మనసులో ఆ తాళం చెవి నాటినుంచి చెప్పుకుంటాను. ఆ రెంటికీ నడుమ ఉన్న కాలం ఎందులో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మేము కలిసి లేము, కాని ఆయన రోజూ పొద్దున్నే లేచి నాకోసం రొట్టె మాడ్చుకుంటున్నారు. ఇప్పుడు మళ్లీ అటువంటి కాలమే మొదలైంది, ఈసారి ఆగమని అడిగేందుకు ఆయన రాలేదు.