డాన్యూబ్ ఒడ్డున అత్తయ్య చోప్ చేసిన టేబుల్

బుడాపెస్ట్ ప్రయాణం మా అత్తయ్య పట్టుదల. ఆవిడ సింగపూర్‌లోనే పుట్టి పెరిగారు, తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. నేను కాకినాడ నుంచి వచ్చిన కోడల్ని. మా ఆయనకి సెలవు దొరక్క నేను తోడు వెళ్లాను. సింగపూర్‌లో మా ఇల్లున్న బుకిట్ పంజాంగ్‌లో టాక్సీ ఎక్కేటప్పుడే అత్తయ్య పాస్‌పోర్టులు రెండూ తన బ్యాగులో వేసేసుకున్నారు. "నా దగ్గరుంటే భద్రం" అన్నారు. సరే, పెద్దావిడ కదా అని ఊరుకున్నాను.

మూడు రోజులు హాయిగా గడిచాయి. చివరి రోజు పొద్దున్నే బస్సులో కోట గుట్టకి వెళ్లాం. రాళ్లు పరిచిన సందులు, రంగు పెంకుల చర్చి, కింద డాన్యూబ్. మధ్యాహ్నం మార్గరెట్ వంతెన దగ్గర రెండో నంబరు ట్రామ్ ఎక్కాం. మీరు వెళ్తే కుడివైపు కిటికీ పట్టండి, పార్లమెంటు దాటాక నది పక్కనే వస్తుంది. గొలుసుల వంతెన దగ్గర దిగి, ఒడ్డునున్న కాఫీ హోటల్లో తినేసి విమానాశ్రయానికి పోదామనుకున్నాం. విమానం సాయంత్రం ఏడింటికి.

నేను లోపల వరసలో నిలబడ్డాను. కాసేపటికి అత్తయ్య చేతులూపుకుంటూ వచ్చారు.

"బ్యాగేదీ?"

"టేబుల్ మీద పెట్టా. చోప్ చేశాను లా! లేకపోతే వేరేవాళ్లు కూర్చుంటారు."

సింగపూర్‌లో తిండి దుకాణాలన్నీ ఒకచోటుండే హాకర్ సెంటర్లో టిష్యూ పొట్లం పెట్టినా, ఫోన్ పెట్టినా ఆ కుర్చీ మనదే, ఎవరూ ముట్టరు. చోప్ చేయడమంటే అదే. డెబ్బై ఏళ్లుగా ఆవిడకి తెలిసిన లోకం అదే. బయటికి పరుగెత్తాను. టేబుల్ మీద బ్యాగు లేదు, ఓ జంట తాపీగా సూప్ తాగుతోంది. ఖాళీగా ఉంటే కూర్చున్నాం అన్నారు.

ఓరి నాయనో! పాస్‌పోర్టుల్లేకుండా విమానం ఎవడు ఎక్కిస్తాడు? కుర్చీల కింద చూశాను, రేవు మెట్ల దాకా పోయి చూశాను. కోపంతో ఒళ్లు మండిపోతోంది. తిడదామని వెనక్కి వస్తే అత్తయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఆలమాక్... అమ్మాయ్, నేనేం చేశానే" అంటున్నారు. తిట్టడం మానేసి ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టాను.

అప్పుడు కౌంటర్ పిల్ల కేకేసి మూల బల్ల చూపించింది. ఊలు టోపీ పెట్టుకున్న ఓ ముసలావిడ మా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది! ఊరికే ఇవ్వలేదు. పాస్‌పోర్టు తెరిచి, ఫొటో అత్తయ్య మొహం పక్కన పెట్టి చూసి మరీ ఇచ్చింది. తర్వాత వేలు ఆడిస్తూ వాళ్ల భాషలో చెడామడా తిట్టింది.

"ఇద్దరు కుర్రాళ్లు బ్యాగు చుట్టూ తిరుగుతుంటే తీసి దాచిందట. మీకు బుద్ధుందా అంటోంది" అంది కౌంటర్ పిల్ల, కాస్త మెత్తగా.

అత్తయ్య ఆవిడకి చేతులెత్తి దండం పెట్టారు. ఆ తర్వాత విమానంలోనూ ఆ బ్యాగు వదల్లేదు, ఒళ్లో పెట్టుకునే నిద్రపోయారు.

సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగాక ఆకలేసి ఫుడ్ కోర్టుకి వెళ్లాం. జనం కిటకిట. దొరికిన టేబుల్ దగ్గర అత్తయ్య కూర్చుండిపోయారు, బ్యాగు గుండెలకి హత్తుకుని.

"నువ్వెళ్లి తినడానికి మాకన్ ఏదైనా తెచ్చుకో, నేను కాపలా ఉంటా."

పుట్టిన ఊళ్లో ఆవిడ కాపలా కూర్చోవడం నేను చూడలేకపోయాను. డాన్యూబ్ అందం నిజమే, తప్పక చూడండి. కానీ ఆ నది ఆవిడ దగ్గర ఏదో లాగేసుకుంది. నా హ్యాండ్‌బ్యాగు తీసి టేబుల్ మధ్యలో పెట్టాను.

"లేవండి అత్తయ్యా, ఇద్దరం వెళ్దాం. చోప్ చేశాను."

ఆవిడ నన్నూ బ్యాగునూ మార్చి మార్చి చూసి లేచారు. వరసలో నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు.