పేర్లన్నీ పడేదాకా

అవును, నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు గానీ, చూశాను. పోయిన మంగళవారం పొద్దున స్కూల్‌కి బయల్దేరుతుంటే, పక్కింటి అంకుల్ చనిపోయారని అమ్మ చెప్పింది. హార్ట్ ఎటాక్. "అంత సడన్‌గా ఎలా?" అని ఏడుస్తోంది. నేను షూ లేసులు కట్టుకుంటూ తల ఎత్తలేదు. నాకది సడన్ కాదు.

అంకుల్ రిటైరైన హార్ట్ డాక్టర్. సిటీకి ట్రైన్ దూరంలో ఉన్న నేపర్‌విల్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఫెన్స్ కూడా లేదు. వీకెండ్ తెలుగు బడికి నేను వెళ్ళింది ఆరు వారాలే. అందరి ముందూ నోరు పెగలక మానేశాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్ వల్లే. పాత తెలుగు సినిమా పెట్టి, పేర్లు పడుతుంటే పాజ్ చేసేవారు.

"ఊఁ, చదువు. ఎడిటర్ ఎవరు?"

నేను కూడబలుక్కుని చదివేదాకా సినిమా కదిలేది కాదు. అయిపోయాక కూడా లేవనిచ్చేవారు కాదు. "లైట్లు మోసినవాడి పేరు కూడా పడనీరా. వాడు ఇంటికెళ్ళాక మనం వెళ్దాం" అనేవారు.

సిటీలో జరిగే ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళాలని ఆయనకి ముప్పై ఏళ్ళ కోరిక. ప్రతి ఏడాదీ డ్యూటీ అడ్డొచ్చేదట. ఈసారి రెండు టికెట్లు బుక్ చేశారు. ఇద్దరికీ అదే మొదటిసారి. బయల్దేరేటప్పుడు ఆంటీ నన్ను పక్కకి పిలిచారు.

"మెట్లెక్కనివ్వకు నాన్నా. కొంచెం తేడాగా ఉన్నా నాకు మెసేజ్ పెట్టు. ఆయన చెప్పరు."

"సరే ఆంటీ" అన్నాను.

సిటీలో ట్రైన్ దిగితే ఎలివేటర్ మీద పనిచెయ్యట్లేదని కాగితం అతికించి ఉంది. మెట్లెక్కాం. సగంలో అంకుల్ ఆగిపోయారు. రైలింగ్ పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. చలికి అందరి నోళ్ళలోంచీ ఆవిర్లు వస్తుంటే ఆయన నుదుటి మీద చెమట.

"అంకుల్, ఆంటీకి టెక్స్ట్ చేస్తా."

"గ్యాస్ రా. పొద్దున పెసరట్లు నాలుగు లాగించాను. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గుండెలు చూశాను, నాది నాకు తెలీదా?" ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అన్నారు. "నువ్వు చెప్పావనుకో, ఇదే నా లాస్ట్ ఫెస్టివల్. మీ ఆంటీ ఇంక గుమ్మం దాటనివ్వదు."

నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

థియేటర్ బయట లైన్ వీధి మలుపు దాకా ఉంది. మెడలో బ్యాడ్జీలు వేసుకున్నవాళ్ళు నిన్న చూసిన సినిమాల గురించి పోట్లాడుకుంటున్నారు. అంకుల్ ముందున్నావిడతో "ఫస్ట్ టైమ్" అని గర్వంగా చెప్పుకున్నారు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. పెదాలు మాత్రం పాలిపోయి ఉన్నాయి.

మేం చూసిన సినిమాలో ఒక ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎవరూ ఎత్తరు. కథ సగం నా బుర్రకెక్కలేదు. పక్క సీట్లోంచి వచ్చే ఊపిరే వింటూ కూర్చున్నాను. అది ఆగినప్పుడల్లా నాదీ ఆగేది.

పేర్లన్నీ పడ్డాక ఆ సినిమా డైరెక్టర్ స్టేజ్ మీదికొచ్చి, ప్రశ్నలుంటే అడగమన్నారు. అంకుల్ నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తేశారు. "అడగరా, తింటారా ఏంటి?" ఆ ఇంట్లో ఫోన్ ఎవరూ ఎందుకు ఎత్తరని ఎలాగో అడిగాను.

"ఎత్తితే నిజమైపోతుందని వాళ్ళ భయం" అన్నారు డైరెక్టర్.

అందరూ నవ్వారు. అంకుల్ నా మెడ మీద చెయ్యి వేసి "శభాష్" అన్నారు. ఆ చెయ్యి ఐసులా ఉంది.

తిరుగు ట్రైన్‌లో ఆయన కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నేను ఫోన్ తీశాను. "ఆంటీ, అంకుల్ మెట్ల మీద ఆగారు. చెమట పట్టింది. డాక్టర్‌కి చూపించండి." తెలుగు అక్షరాల్లో నేను టైప్ చేసిన మొదటి మెసేజ్ అదే. పంపబోతుంటే ఆయన కళ్ళు తెరవకుండానే అన్నారు:

"నెక్స్ట్ ఇయర్ ఒకే రోజు మూడు సినిమాలు చూద్దాంరా."

నా వేలు ఆగిపోయింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ మంగళవారం వచ్చింది.

ఫ్యూనరల్ హోమ్‌లో అంతా అయిపోయాక అందరూ లేచి కార్ల దగ్గరికి వెళ్ళారు. నేను లేవలేదు. ఆయన నేర్పిన అలవాటు. ముందు వరసలో ఆంటీ కూడా లేవలేదు. కాసేపటికి వెనక్కి తిరిగారు.

"ఆ రోజు సిటీలో బాగానే ఉన్నారా నాన్నా?"

"బాగానే ఉన్నారు ఆంటీ. చాలా హ్యాపీగా ఉన్నారు."

రెండోది నిజం.

ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో, ఆంటీ పేరు కింద, పంపకుండా అలాగే ఉంది. మా కిటికీలోంచి వాళ్ళ వంటింటి లైట్ కనిపిస్తోంది. టేబుల్ దగ్గర ఆవిడ ఒక్కరే, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడైనా పంపమంటారా?