తోలుపట్టీ మీద చప్పుడు

మా సెలూన్ కుర్చీలో కూర్చుని దయ్యాల సంగతులు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. గడ్డం గీస్తూ ఊ కొట్టడమే తప్ప నేను ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. పట్టపగలు, ముగ్గురు మనుషులున్న గదిలో జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాది నగరి. నాయన మునస్వామి పెట్టిన చిన్న సెలూనే ఇప్పుడు నేను నడుపుతున్నాను. నాయన మడతపెట్టే పాత మంగలికత్తితోనే గడ్డాలు గీసేవాడు. గీసే ముందు ప్రతిసారీ దాన్ని తోలుపట్టీ మీద అటూ ఇటూ ఆడించేవాడు. సానరాయి కత్తికి అంచు తెస్తే, ఆ అంచుని నున్నగా సర్దేది తోలేనని ఆయన నమ్మకం. నా చేతికి సెలూన్ వచ్చేసరికి అందరం బ్లేడు మార్చే కత్తులకు వచ్చేశాం. నాయన పోయాక ఆ కత్తినీ తోలుపట్టీనీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను.

నిరుడు ఎండాకాలంలో దేశమ్మక్క సెలూన్‌కు వచ్చింది. ఆమె తండ్రి ఆర్ముగం ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి, నాయనకు ప్రాణస్నేహితుడు. నాయన ఉన్నన్నాళ్ళూ ఇంకొకరి చేత గడ్డం గీయించుకోలేదు. ఇప్పుడు చూపు పోయి, మంచాన పడి ఉన్నాడు.

“గడ్డం పెరిగి మొగమంతా గీరుకుంటా ఉండాడప్పా. మునస్వామి కత్తే కావల్లని మొండికేసినాడు. అది తీసుకోని రాగలవా?” అంది. మళ్ళీ తనే, “జాగర్తబ్బా. గుండెకు మాత్రలు మింగతా ఉండాడు. తెగితే నెత్తురు నిలబడదని డాక్టరు చెప్పినాడు,” అని హెచ్చరించింది.

అటక మీది నుంచి కత్తి తీసి ముంజేతి మీద గీసి చూసుకున్నాను. ఒక్క వెంట్రుక కూడా తెగలేదు. తోలు ఎండి బిరుసెక్కింది. కాస్త ఆముదం రాశాను. ఆయనకు వినబడేలా కత్తిని తోలు మీద ఆడించి, గీయడం మాత్రం నా బ్లేడు కత్తితో గీసేద్దామని అనుకున్నాను. పెద్దాయన తృప్తి కోసం అంతే.

మరునాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. కాచిన నీళ్ళలో కత్తి కడిగి, తోలుపట్టీని కిటికీ ఊచకు తగిలించాను. అంతలో కరెంటు పోయి పక్కింటి మరమగ్గాలు ఆగిపోయాయి. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

కత్తి తోలు మీద తడబడుతూ పోయింది. ప్రతి కొసలోనూ ఆగి, లేపి, తిప్పి, మళ్ళీ లాగుతున్నాను.

ఆర్ముగం పెద్దనాయన మొహం చిట్లించాడు. “అది మునస్వామి సెయ్యి కాదు,” అన్నాడు.

సిగ్గేసింది. అయినా ఆపకుండా ఆడిస్తూనే ఉన్నాను. ఎప్పుడు మారిందో చెప్పలేను గానీ, చప్పుడు మారింది. కొసల్లో తెగకుండా, ఊపిరి తీసినట్టు సాగింది. నాయన కత్తిని తోలు మీంచి లేపకుండానే, పదునులేని వెనక అంచు మీద దొర్లించి తిప్పేవాడు. నాకు ఆ పనితనం ఎన్నడూ పట్టుబడలేదు.

పెద్దనాయన మొహంలో ముడతలు విడిపోయాయి. “ఆఁ, ఇప్పుడు రా,” అన్నాడు.

నురగ పట్టించి గీయడం మొదలుపెట్టాను. వేలితో నొక్కితే కమిలిపోయే చర్మం. నా మనసులో మాత్రం భయమన్నదే లేదు. కత్తి పోతుంటే వెంట్రుకలు తమంతట తామే రాలిపోతున్నట్టున్నాయి. రెండు చెంపలూ అయ్యాయి, పైపెదవి అయింది. ఎక్కడా ఎర్రటి చుక్క లేదు.

గిన్నె పట్టుకుని నిలబడిన దేశమ్మక్క మెల్లగా అడిగింది. “నీది ఎడం సెయ్యాబ్బా?”

చూసుకున్నాను. కత్తి నా ఎడం చేతిలో ఉంది. అదీ నాయన మంగలికత్తే. బ్లేడు కత్తి సంచిలోంచి నేను తీయనే లేదు.

నాది కుడి చెయ్యి. ఎడం చేత్తో నేను దువ్వెన కూడా ఆడించలేను. ఎడంచేతి వాటం నాయనది.

అది చూసుకున్న క్షణంలోనే ఆ చేతికి పనితనం పోయింది. కత్తి కుడి చేతికి మార్చుకుని గడ్డం కింద పెడితే, కోయకుండా వెంట్రుకల్ని పీకింది. పెద్దనాయన ఇస్ అన్నాడు. ఇక దాన్ని పక్కన పెట్టి, మిగిలిన కాస్తా బ్లేడు కత్తితో ముగించాను.

ఆయన చెంపలు తడుముకుని నవ్వాడు. “మునస్వామీ, నీ కొడుకు పని నేర్సుకునినాడా?” అని అడిగాడు.

నేను మునస్వామిని కాదు పెద్దనాయనా అని చెప్పబోయాను. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

“నేర్సుకునినాడన్నా.”

దేశమ్మక్క గిన్నె కింద పెట్టేసి నా వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన్ని అన్నా అని పిలిచింది నాయన ఒక్కడే.

పెద్దనాయన ఆ పూట కూతురిని కాఫీ అడిగి తాగాడు. ఎండాకాలం దాటకముందే పోయాడు. కత్తిని ఇంటికి తెచ్చి మళ్ళీ ముంజేతి మీద గీసి చూశాను. తెగలేదు.

చేతి సంగతికి ఎవరైనా ఏదో ఒక కారణం చెప్పగలరేమో. చిన్నప్పటి నుంచీ నాయన్ని చూస్తూ పెరిగాను కదా, ఒళ్ళు దానంతట అదే నేర్చుకుని ఉంటుందని నా భార్య అంటుంది. అయి ఉండొచ్చు. కానీ నాయన బతికున్నన్నాళ్ళూ నా పని బాగుందని గానీ, బాగాలేదని గానీ ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆ మాట అన్నదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నా నోట్లోంచే వచ్చింది. అందరితోపాటు నేనూ దాన్ని విన్నాను.