బేస్‌మెంట్ కుర్రాడి జాతకదోషం

ఏడేళ్ళ వయసులో నాకు ఆపరేషన్ చేసి, కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోయిన కుడి బీజాన్ని సంచిలోకి దింపారు. పెళ్ళయిన మొదటి నెలలోనే మా ఆవిడ నెల తప్పింది. ఆ కబురు విని, ఆపరేషన్ చేసిన డాక్టరుగారు స్వీటు డబ్బాతో మా ఇంటికొచ్చి "చూశారా నా హస్తవాసి!" అని మీసం దువ్వుకున్నారు.

ఈ ముక్క నేను కెనడాలో, టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే కుర్రాడికి చెప్పాను. కాలేజీలో సీటు దొరికినంత తేలిగ్గా తలదాచుకోను గది దొరకని రోజులవి. కింద నలుగురు తెలుగు కుర్రాళ్ళుండేవారు. కుక్కర్ విజిలేస్తే ఎవరి పప్పో తెలీక నలుగురూ పరిగెత్తేవారు. పోపు పెడితే పొగ అలారం మోగేది, ఒకడు తువ్వాలుతో విసిరేవాడు. ఇప్పుడా బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ ఉంది. అది పప్పు వండదు, ఎవరితోనూ పోట్లాడదు.

నేను పంచాంగం చూస్తానని వాళ్ళలో పేరుండేది. వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాలన్నా, పాత కారు కొనాలన్నా పైకొచ్చి "అంకుల్, మంచి టైమ్ చెప్పండి" అనేవారు. నాకొచ్చిందల్లా రాహుకాలం చూడటమే. మిగతాదంతా గంభీరంగా ముఖం పెట్టడం.

ఆ నలుగురిలో ఖమ్మం కుర్రాడికి సంబంధం కుదిరింది. అమ్మాయి వాటర్లూలో చదువుతోంది. శనివారం బస్సులు మారి వెళ్ళి, ఆ అమ్మాయితో కాఫీ తాగొచ్చి, సోమవారం దాకా ఈల వేస్తూనే ఉండేవాడు. అలాంటివాడు ఒక శనివారం వెళ్ళకుండా మా వంటింట్లోకొచ్చి కూర్చున్నాడు.

"అంకుల్, మా నాన్నకి ఫోన్ చేసి జాతకాలు కలవలేదని చెప్తారా?"

"బ్రహ్మాండంగా కలిశాయని లడ్డూ పెట్టావు కదరా!"

"మళ్ళీ చూస్తే దోషం కనపడిందనండి. దోషం నాదే అనండి. ఆ అమ్మాయికి మాట రావద్దు."

టీ చల్లారిపోయాక అసలు సంగతి బయటికొచ్చింది. వాడికీ అదే ఆపరేషన్. అదీ రెండు వైపులా, తొమ్మిదో ఏట. పెళ్ళి దగ్గరపడేసరికి ఫోన్లో ఏవేవో చదివి, ఇక తాను దేనికీ పనికిరానని తీర్మానించుకున్నాడు.

ధైర్యం చెబుదామనే మొదటి నెల కథ, మీసం కథ చెప్పాను. వాడి ముఖం ఇంకా వాడిపోయింది. "మీకు ఒక్కవైపే కదా అంకుల్. మీకు నెలకే అయింది. నాది వేరు."

ఇక గొంతు సవరించుకోక తప్పలేదు. "నెల కాదురా, నాలుగేళ్ళు. ఆ డాక్టరు వీధిలో ఎదురైనా నన్ను గుర్తుపట్టడు. మొదటి రాత్రి భయమేసి, కడుపునొప్పని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ భయం పోయేదాకా ఏదీ కుదరలేదు. పోయాక అన్నీ కుదిరాయి. పిల్లలు ఆలస్యమైతే ఇద్దరం డాక్టరు దగ్గరికెళ్ళాం. నాకు వీర్యకణాల కౌంట్ తక్కువ, ఓపిక పట్టమన్నారు. పట్టాం. మా అమ్మాయి పుట్టింది."

వాడు మొదటిసారి నవ్వాడు. "కడుపునొప్పా అంకుల్?"

డాక్టరు దగ్గరికి పదమంటే మళ్ళీ మొండికేశాడు. మా ఊరి క్లినిక్‌లో ముందు కూర్చునేది తెలుగావిడ, తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌కీ పులిహోరతో వస్తుంది. అందుకని మేమెవరికీ తెలియని లండన్ దాకా, ఇంగ్లండుది కాదు, మా కెనడా లండనే, రెండున్నర గంటలు డ్రైవ్ చేశాను. తిరిగొచ్చేటప్పుడు, డాక్టరమ్మ చెప్పిందంతా వాడు కార్లో పాఠంలా అప్పజెప్పాడు. ఈ ఆపరేషన్ వల్ల కోరిక, పటుత్వం మామూలుగా ఎక్కడికీ పోవట. హార్మోను సంగతి రక్తపరీక్షలో తెలుస్తుందట. పిల్లల సంగతి వేరట. రెండు వైపులా, అందులోనూ ఆలస్యంగా చేస్తే కౌంట్ తగ్గొచ్చు, ఆ పరీక్షా చేయించుకోవాలట. నెలకోసారి స్నానం చేసేటప్పుడు తనే తడిమి చూసుకోవాలట. గట్టిగా గడ్డలాంటిది తగిలితే ఆలస్యం చేయకుండా రమ్మందట. క్యాన్సర్ అరుదే గాని, ఇలాంటివాళ్ళకి మిగతావాళ్ళకంటే అవకాశం కొంచెం ఎక్కువట.

ఫలితాలొచ్చాయి. హార్మోను బాగుంది. కౌంట్ తక్కువ, కానీ ఉంది. వాడికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే తెలివి కూడా లేచొచ్చింది.

"ఇంకేం అంకుల్, కాపురానికి అడ్డు లేదు. కౌంట్ సంగతి పెళ్ళయ్యాక చూసుకుందాం. ఇప్పుడు చెప్పి చెడగొట్టుకోవడమెందుకు?"

అప్పుడు నేను దాంపత్యమంటే ఏమిటో, నమ్మకమంటే ఏమిటో ఒక ఉపన్యాసమిచ్చాను. రాయిలాంటివాడు కరిగిపోయి, మా వంటింట్లోంచే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, జాతకం సాకుతో సహా అంతా చెప్పాడు. ఆ అమ్మాయి అన్నీ విని, చివరికి, "నాకు వారం టైమ్ కావాలి" అంది.

ఆ వారం బేస్‌మెంట్‌లో పోపు వాసన లేదు. మిగతా ముగ్గురూ సంగతేమిటో తెలీకపోయినా మెల్లగా నడిచారు. వారం తిరిగాక ఆ అమ్మాయే బస్సులు మారి వచ్చి, మా గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ వాడితో అంది: "జాతకం మీద పెడదామనుకున్నావా! అది చెప్పినందుకు వచ్చా. ఇంకోసారి దాస్తే మాత్రం రాను."

ఇప్పుడు వాటర్లూలోనే కాపురం. పిల్లల సంగతి వాళ్ళు చెప్పరు, నేను అడగను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకిచ్చాను. చదివి కళ్ళజోడు తీసింది.

"ఉపన్యాసమా? అప్పుడు మీరు గరాజ్‌లో మంచు టైర్లు వేయించుకుంటున్నారు. ఆ అబ్బాయితో మాట్లాడింది నేను. ఇద్దరం డాక్టరు దగ్గరికెళ్ళామని రాశారు, ఎక్కడెళ్ళాం? మీ ఆపరేషన్ సంగతి చెప్పకుండా మూడేళ్ళు నన్నొక్కదాన్నే తిప్పి, నాలుగో ఏట మీరొచ్చారు. సూదులు నాకే, మందులు నాకే, మీ అమ్మగారి మాటలూ నాకే. అది విన్నాకే ఆ అబ్బాయి ఫోన్ తీశాడు."