దసరా నాడు తుడిచే రివాల్వర్

మా నాయిన దగ్గర లైసెన్సు ఉన్న రివాల్వర్ ఒకటి ఉండేది. దాన్ని శుభ్రం చేసేది మాత్రం నేనే. తాండూరులో మా ఇంట్లో ప్రతి దసరాకు ఆయుధపూజలో కొడవళ్ల పక్కన దాన్నీ పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టేవారు. ఇనుముకు ఆ తడి పడదని చెబితే వినేవారెవరు? పూజ కాగానే నేను ఎత్తుకుపోయి తుడిచేదాన్ని.

ఎలా తుడవాలో నాయినే నేర్పాడు. ముందు తూటాలు పట్టే చక్రం తెరిచి, అందులోని గదులన్నీ ఖాళీయేనా అని కంటితోనూ వేలితోనూ చూడాలి. గొట్టంలో బ్రష్షు, తర్వాత పొడి గుడ్డ, చివర కాస్త నూనె. ఎక్కువైతే దుమ్ము పడుతుంది. తూటాలకు నూనె తగలకూడదు. తోలు సంచిలో దాచితే చెమ్మకు తుప్పు పడుతుంది. తమ్ముడు ఆ నూనె వాసనకే ముక్కు మూసుకొని లేచిపోయేవాడు.

"నాకు శాతగానప్పుడు గిది నీ పేరు మీదనే జేపిస్త బిడ్డా" అని నాయిన అందరి ముందూ అనేవాడు. నేను నమ్మాను. పెద్దేముల్ దగ్గరి పొలమంతా తమ్ముడికి పోయినా నోరెత్తలేదు. నాకు ఆ మాట చాలనుకున్నాను, పిచ్చిదాన్ని.

మొన్న దసరాకు వికారాబాదులోని అత్తగారింటి నుంచి వచ్చాను. పూజయ్యాక గుడ్డ కోసం పెట్టె తెరిస్తే కొత్త తూటాల డబ్బా కనబడింది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కొలత మా రివాల్వర్‌దే, ముప్పై రెండు బోరే. కానీ పొట్టిగా ఉంది, అడుగున అంచు మరీ సన్నం. అది పిస్తోలు తూటా. రివాల్వర్ తూటాకు వెడల్పాటి అంచు ఉండి చక్రం వెనక ఆనుకుంటుంది. ఇది గదిలో దూరుతుంది గానీ సరిగ్గా నిలవదు, పేలినప్పటి ఒత్తిడీ వేరు. కొలత కలిసిందని ఏది పడితే అది వేయకూడదన్నది నాయిన చెప్పిన మొదటి పాఠం.

ఆయన ఇలాంటి పొరపాటు చేయడు. లైసెన్సు లేనివాళ్లకు దుకాణంలో తూటాలు ఇవ్వరు. అడగక ముందే నాకు అర్థమైంది.

డబ్బా చూపించి అడిగితే నాయిన నా మొహం చూడకుండానే చెప్పాడు. లైసెన్సు తమ్ముడి పేరు మీదికి మారి నెలలయిందట. మగవాడి నడుముకు ఉంటేనే నలుగురూ లెక్కచేస్తారట. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. కోపం కన్నా అవమానమే ఎక్కువైంది.

"గవి దీంట్ల ఎయ్యద్దని తమ్మునికి జర సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. నీకైతే ఎర్కే గద" అన్నాడు.

చెప్పాను. ప్రాణం సంగతి కదా. తమ్ముణ్ని పిలిచి, అవి పేల్చొద్దని, తిరిగి దుకాణంలో ఇచ్చెయ్యమని చెప్పాను. రివాల్వర్ మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. గుడ్డ నాయిన ఒడిలో పెట్టి బస్సుకు బయల్దేరాను.