మోటారు ఆపమనే యంత్రం

మాది అండమాన్‌లో, బాంబూఫ్లాట్ బజారులో ఎలక్ట్రానిక్స్ దుకాణం. ఆ మాట బోర్డు మీద గంభీరంగానే ఉంటుంది. లోపల ఉండేది టార్చీలు, రేడియోలు, బ్యాటరీలు, వాటి మధ్య ఛార్జింగ్ అయిపోయినట్టున్న నేను. సునామీ తర్వాత టార్చీలూ రేడియోలూ తెచ్చినవి తెచ్చినట్టే అమ్ముడుపోయేవి. అయితే చెన్నై హోల్‌సేలు వ్యాపారి పంపిన సరుకు ఓడ దిగేసరికే తుప్పు పట్టి ఉండేది. తయారుచేసే వాళ్ళ దగ్గరే నేరుగా కొందామని, ఆ మరుసటి ఏడాది ఢిల్లీలో జరిగే పెద్ద ఎలక్ట్రానిక్స్ మేళాకి బయల్దేరాను.

ఇది అందరికీ చెప్పిన కారణం. రెండోది మా ఆవిడకీ నాకూ మాత్రమే తెలుసు.

ఆవిడ తమ్ముడు కార్ నికోబార్ దీవిలో బడి పంతులుగా చేసేవాడు. సునామీ వచ్చింది ఆదివారం పొద్దున. ఆదివారాలు వాడు ఎండ మొహం మీద పడేదాకా లేచేవాడు కాదు. తర్వాత చాలా రోజులు ఆవిడ ఫీనిక్స్ బే జెట్టీలో నిలబడి, దీవుల నుంచి వచ్చిన బోట్లలో దిగేవాళ్ళ మొహాలన్నీ చూసింది. వాడు దిగలేదు.

"బూమి కదిలినా ఆడు లెగడు. లేపీవోళ్ళు లేకపోయారు," అనేది.

అప్పట్నుంచి ఆవిడ మా ఇంట్లో నిద్రపోలేదు. మా ఇల్లు క్రీకు ఒడ్డున, సముద్రం ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన పాయ పక్కన. పగలు వచ్చి వండేది, ఉతికేది. సాయంత్రం కాగానే చాప చంకన పెట్టుకుని గుట్ట మీది రేకుల షెడ్డుకి వెళ్ళిపోయేది. అక్కడా రాత్రంతా కూర్చునే ఉంటోందని పక్కింటి దీదీ నాకు చాటుగా చెప్పింది. ఆవిడ భయం సముద్రమంటే కాదు, నిద్రంటే. మనిషి సగమైపోయింది. కూర తరుగుతూ తరుగుతూ కళ్ళు మూతపడి వేళ్ళు కోసుకునేది. నిద్రలేకపోతే మనిషి దక్కదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

నేను ఓడెక్కే రోజు ఒక్క మాట అంది. "నీల్లు ఒచ్చినప్పుడు లేపేదేటైనా దొరికితే అట్టుకురండి. అదుంటే ఇంట్లోనే తొంగుంటాను, పక్కా."

మేళా అంటే మా ఊరి దసరా మేళాలా ఉంటుందనుకున్నాను. ఒక్కో హాల్లో మా బజారు మొత్తం పడుతుంది. ప్రతి స్టాల్లోనూ విజిటింగ్ కార్డు అడిగారు. నాకు కార్డు లేదు కనక విజిటింగ్ మాత్రం చేశాను. కనీసం ఒక లారీ సరుకు తీసుకుంటేనే మాట్లాడతామన్నవాళ్ళకి, మా దుకాణం లారీలో పడుతుందని చెప్పలేకపోయాను. ఆఖరికి, ఇనుప స్క్రూలు బయటికి కనబడని రేడియోలూ, ప్లాస్టిక్ ఒంటి టార్చీలూ చిన్న చిన్న కంపెనీల దగ్గర ఏరుకున్నాను.

మూల స్టాల్లో ఒకాయన ప్లాస్టిక్ బకెట్లో మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. బకెట్ అంచుకి రెండు వైర్లు వేలాడుతున్నాయి. నీళ్ళు పెరిగి పెరిగి వైర్లకి తగలగానే, గోడకున్న డబ్బాలోంచి ఒక అమ్మాయి గొంతు, ట్యాంకు నిండింది మోటారు ఆపమని హిందీలో పలికింది: "పానీ కీ టంకీ భర్ గయీ హై. కృపయా మోటర్ బంద్ కీజియే."

ఆ నీళ్ళు పెరగడం చూస్తుంటే నా కాళ్ళు నన్ను అడక్కుండా పక్క స్టాలు అరుగెక్కేశాయి. అది మిక్సీల స్టాలు. వాళ్ళు సంతోషంగా నా చేతిలో కరపత్రం పెట్టారు. దాన్ని జేబులో దోపుకుని కిందికి దిగి వచ్చాను.

బకెట్ ఆయనది హైదరాబాదు, బాలానగర్‌లో చిన్న ఫ్యాక్టరీ. నా హిందీ వినగానే తెలుగులోకి దిగాడు.

"ఏ ఊరండీ మనది?"

"అండమాన్."

"అబ్బో. పాస్‌పోర్టు మీదొచ్చిన్రా?"

"ఓడ మీద వచ్చానండి."

నవ్వాడు. "బిల్డింగు టాంకీకా, ఇంటి టాంకీకా?"

"సముద్రానికి."

మళ్ళీ నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. మగ్గు కింద పెట్టాడు. మెల్లగా అన్నాడు. "మాట మార్చొచ్చండి. చిప్పుల ఏది ఎక్కిస్తే అదే చెప్తది. తెలుగైనా ఫర్వాలేదు. ఏం చెప్పమంటరు?"

నీళ్ళ గురించి అడిగితే నీళ్ళు నమిలాను. సముద్రం వచ్చింది, లేవండి. అంతే కదా చెప్పించాల్సింది. ఆ మాట నేను పైకి అనాలి, ఆయన రాసుకోవాలి, ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఒక అమ్మాయి దాన్ని స్పష్టంగా చదవాలి. తర్వాత అది మా వంటింటి గోడ మీద నోరు మూసుకుని, ఆ మాట అనే రోజు కోసం ఎదురుచూస్తూ ఉండాలి.

"ఇలాగే ఇవ్వండి," అన్నాను. "టాంకీ అనే చెప్పనివ్వండి."

ఇంటికొచ్చాక వైర్లు కట్టే పని పెట్టుకున్నాను. మా పెరట్లోంచి క్రీకులోకి రాతి మెట్లు ఉన్నాయి. మా నాన్న హయాం నుంచీ ఎంత పెద్ద అమావాస్య పోటైనా పాచి పట్టిన ఫలానా మెట్టు దగ్గరే ఆగేది. ఆ మెట్టుకి బెత్తెడు పైన మేకు కొట్టి వైర్లు కట్టాను. సునామీతో మా నేల కుంగిందని నాకు తెలియక కాదు. వరి మళ్ళు ఉప్పు చెరువులయ్యాయి, కరెంటు స్తంభాలు నీళ్ళలో నిలబడ్డాయి. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి నేనే వివరించేవాణ్ణి. అయినా చేతులు పాత మెట్టునే నమ్మాయి. అది అష్టమి నాటి చిన్న పోటు, నీళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి.

ఆవిడ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "అమాస పోటు దాటనీండి. అప్పుడు సూద్దుం," అని చాప తీసుకుని వెళ్ళిపోయింది.

అమావాస్య పొద్దున నేను దుకాణానికి చొక్కా తొడుక్కుంటున్నాను. ఆవిడ వంటింట్లో చేపలు తోముతోంది. డబ్బా మాట్లాడింది. టాంకీ నిండిందట, దయచేసి మోటారు ఆపాలట. నేను ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయటా ఉండగా మోటారు ఆపడానికి పరిగెత్తాను. మాకు మోటారు లేదు. డబ్బా గొంతు విని పక్కింటి దీదీ "భాగో, భాగో" అంటూ మేకని లాక్కుని గుట్టవైపు పోయింది.

ఆవిడ మాత్రం పరిగెత్తలేదు. పొలుసు చేతులతోనే పెరట్లోకి వచ్చి నిలబడింది. అల లేదు, చప్పుడు లేదు. నీళ్ళు మెట్లన్నీ ఎక్కి బట్టలుతికే బండ చుట్టూ తిరుగుతున్నాయి. అద్దంలా ఉన్నాయి. సునామీ కాదు, ఉత్త పోటు. వెనక డబ్బా అదే మాట మర్యాదగా మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

"పాత మెట్టు కాడ కట్టీసేరా?" అంది.

"రేపు ఎత్తి కడతాను."

"ఎంత ఎత్తున?"

నేను గుట్టవైపు చూశాను. తర్వాత మా ఇంటి కప్పు వైపు చూశాను.

ఆవిడ వైర్లు పీకేసింది. గొంతు ఆగిపోయింది. "నీల్లు తగిల్నాక సెప్తాది ఇది. తగిల్నాక ఎవులైనా సెప్తారు," అంది. చేతులు కడుక్కుంది. కుర్చీ తెచ్చి బండకెదురుగా వేసింది. "కూకోండి. కళ్ళు మూసారంటే ఊరుకోను. నాను తొంగుంటాను."

వంటింటి గుమ్మంలో, ఉత్త నేల మీద, చేపల బుట్ట పక్కనే ఒరిగింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఊపిరి బరువుగా, వరసగా వస్తోంది.

కాసేపటికి దీదీ మేకతో కిందికి దిగి వచ్చి గుమ్మంలో నిద్రపోతున్న ఆవిడ వైపు తొంగి చూసింది. "సో గయీ క్యా, భయ్యా?" అంది గుసగుసగా. తలూపాను. దీదీ మేక మూతి చేత్తో మూసి, అడుగులో అడుగు వేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది. ఆ రోజు దుకాణం తెరవలేదు. పోటు తీసింది, బురద ఎండింది, నేను మాత్రం కుర్చీ దిగలేదు.

ఆ సాయంత్రం చాప గుట్టెక్కలేదు. కానీ ఆనాటి నుంచి మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి నిద్రపోయింది లేదు. ఒకరు పడుకుంటే ఒకరు కుర్చీలో ఉంటాం. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారని చెప్పం. వంతు మారేటప్పుడు ఆవిడ నా భుజం తడుతుంది. నేను లేస్తూ, "వచ్చిందా?" అంటాను.

"ఇంకా లేదు," అంటుంది.